రిసోర్స్ మేనేజ్‌మెంట్ ఆరు ప్రాసెస్‌లు బుర్రలో నిలవట్లేదు, పీఎంపీ రాసినోళ్లు ఎవరన్నా చెప్పండప్పా

శెనక్కాయ_చెట్టు
మాది అనంతపురం. సోలార్ సైట్‌లో ప్లానింగ్ ఇంజినీర్ పని. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ సర్టిఫికెట్) పరీక్షకి ఇంకా 24 రోజులే ఉంది. పరీక్ష పెట్టే పీఎంఐ సంస్థ వాళ్ల పీఎంబాక్ పుస్తకం ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌ల చార్ట్ (ఇనిషియేటింగ్, ప్లానింగ్, ఎగ్జిక్యూటింగ్, మానిటరింగ్, క్లోజింగ్ అని ఐదు గ్రూపులు) బీరువా తలుపుకి అతికించి నెలన్నర అయింది. స్కోప్ వచ్చేసింది, షెడ్యూల్ వచ్చేసింది, అందరూ భయపెట్టిన రిస్క్ కూడా వచ్చేసింది. ఈ రిసోర్స్ మేనేజ్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి ఆగిపోతోంది.

ఆరే ఆరు. ప్లాన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, ఎస్టిమేట్ యాక్టివిటీ రిసోర్సెస్, అక్వైర్ రిసోర్సెస్, డెవలప్ టీమ్, మేనేజ్ టీమ్, కంట్రోల్ రిసోర్సెస్. ఇప్పుడు కూడా బీరువా వైపు చూసే టైప్ చేశాను. చూడకుండా రాస్తే అక్వైర్‌ని తీసుకెళ్లి ప్లానింగ్‌లో పడేస్తాను. మేనేజ్ టీమ్‌ని మానిటరింగ్‌లో పెడతాను. నిన్న రాత్రి మాక్ టెస్ట్‌లో రిసోర్స్ మీద 11 ప్రశ్నలొస్తే 7 తప్పు. కోచింగ్ ఇచ్చినాయన్ను అడిగితే "పదిసార్లు రాయి బాబూ" అన్నాడు. రాశాను. పదిసార్లూ తప్పే రాశాను.

ఉగ్గాని_బజ్జి
బీరువా తలుపుకి చార్టా! మీ ఇంట్లో ఆడోళ్లు ఊరుకున్నారా?

శెనక్కాయ_చెట్టు
ఆ బీరువా నాదే అన్నా. పెండ్లికి మామ ఇచ్చింది.

ఉగ్గాని_బజ్జి
అయితే నీది కాదు.

బురుజు_కింద
కర్నూలు నుంచి. నేను 2019లో రాసి పాసయ్యాను, అప్పుడు ఈ చార్ట్‌తోనే నా కాపురం. ముందు పేర్లు వదిలేయి తమ్ముడూ, లెక్క పట్టుకో. 2-3-1. ప్లానింగ్‌లో రెండు, ఎగ్జిక్యూటింగ్‌లో మూడు, మానిటరింగ్‌లో ఒకటి. ఇనిషియేటింగ్‌లో, క్లోజింగ్‌లో ఏమీ లేవు.

ఇంకొకటి గమనించావా? మొత్తం 49లో ఎగ్జిక్యూటింగ్ గ్రూపులో ఉండేవి 10. అందులో 3 రిసోర్స్‌వే. వేరే ఏ నాలెడ్జ్ ఏరియాకీ (స్కోప్, షెడ్యూల్, రిస్క్ లాంటి అధ్యాయానికీ) అక్కడ మూడు లేవు, ఇంటిగ్రేషన్‌కే రెండు. అంటే రిసోర్స్ అనేది ప్రధానంగా పని జరిగేటప్పటి వ్యవహారం. కాగితం మీద చేసేది రెండే: ఎట్లా నడపాలో రాసుకోవడం, ఎంత కావాలో లెక్క కట్టడం. ఆ తర్వాత మనుషుల్ని, సామాన్లని నిజంగా తెచ్చుకుంటున్నావంటే పని మొదలైనట్టే. కాబట్టి అక్వైర్ ఎగ్జిక్యూటింగే.

నీ తప్పు ఎందుకొస్తోందో నాకు తెలుసు. సైట్‌లో పని మొదలవకముందే మెటీరియల్ దిగాలి కదా అని నీ బుర్ర అంటోంది. సైట్‌లో పనిచేసే వాళ్లందరికీ ఇదే జబ్బు.

శెనక్కాయ_చెట్టు
అక్కా, అచ్చం అదే. ప్యానెళ్లు దిగకుండా పని మొదలేంది అనుకుంటా.

కడప_కారందోశె
నేను ఒక వాక్యం కట్టుకున్నాను, నవ్వకండి.

"పెండ్లికి ఎద్దులబండిలో అవ్వ దోసెలు మోసుకొచ్చి కాపలా కూర్చుంది."

పె - ప్లాన్. ఎ - ఎస్టిమేట్. అ - అక్వైర్. దో - డెవలప్. మో - మేనేజ్. కా - కంట్రోల్.

పైన అక్క చెప్పిన 2-3-1 కూడా ఇందులోనే ఉంది. పెండ్లి, ఎద్దులబండి - రెండూ ఇంకా ఇంటి దగ్గర ఆలోచనే. అవ్వ, దోసెలు, మోయడం - మూడూ పని. కాపలా ఒకటి మానిటరింగ్.

ఉగ్గాని_బజ్జి
పెండ్లికి దోసెలా? కడపోళ్లు ఏదైనా చేస్తారు.

కడప_కారందోశె
కారం దోసె తిన్నోడు ఈ మాట అనడు.

గాలిమర
నవ్వొచ్చింది కానీ రెండుసార్లు చదివేసరికి వచ్చేసింది. ఆశ్చర్యం. నేను క్యాప్‌మ్‌కి (పీఎంఐ వాళ్లదే, పీఎంపీ కంటే కింది మెట్టు పరీక్ష) చదువుతున్నా, అక్కడ కూడా ఇవి పనికొస్తాయా?

బురుజు_కింద
వస్తాయి. క్యాప్‌మ్ 150 ప్రశ్నలు, మూడు గంటలు. అక్కడ పేరు, అర్థం నేరుగా అడిగే ప్రశ్నలు పీఎంపీలో కంటే ఎక్కువ తగులుతాయి.

కాలవ_గట్టు
అందరికీ కోపం వచ్చినా సరే చెప్తాను. అవ్వ, దోసెలు అంతా బాగుంది, పరీక్షలో మాత్రం దీంతో ఒక్క మార్కు రాదు. 2021 జనవరిలో పరీక్ష స్వరూపమే మారింది. అప్పుడు పెట్టింది 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8. సగం దాకా అజైల్ (పనిని చిన్న చిన్న విడతలుగా చేసే పద్ధతి), హైబ్రిడ్ (పాత పద్ధతి, అజైల్ కలిపింది). "డెవలప్ టీమ్ ఏ గ్రూపులో ఉంది" అని అడిగే కాలం పోయింది. పీఎంబాక్ ఏడో ఎడిషన్ (2021) తీసి చూడండి, 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్‌లు. 49 ప్రాసెస్‌ల పట్టికే అందులో లేదు.

అడిగేది ఇట్లా ఉంటుంది: "మీ టీమ్‌లో ఇద్దరు సీనియర్లు డిజైన్ మీద గొడవపడుతున్నారు. పని ఆగిపోయింది. ముందు మీరేం చేస్తారు?" దీనికి ఏ అవ్వ జవాబు చెప్తుంది?

కడప_కారందోశె
మా అవ్వయితే ఇద్దరినీ కూర్చోబెట్టి దోసె పెట్టి మాట్లాడిస్తుంది అన్నా. అదే జవాబు కదా, కొలాబరేట్ లేదా ప్రాబ్లం సాల్వ్.

కాలవ_గట్టు
సరే, ఆ దెబ్బ తిన్నాను.

బురుజు_కింద
కాలవ గట్టు గారు, మీరు చెప్పిన అంకెలన్నీ కరెక్టే. కానీ పట్టిక అక్కర్లేదు అంటే ఒప్పుకోను. ఏడో ఎడిషన్‌లో లేకపోయినా పీఎంఐ వాళ్లు ప్రాసెస్ గ్రూపుల మీద వేరే ప్రాక్టీస్ గైడే వేశారు, ఆ 49 అందులో ఉన్నాయి. పైగా మీ గొడవ ప్రశ్నకి జవాబు ఎంచుకునేటప్పుడు, ఇది మేనేజ్ టీమ్ సంగతి అని ముందే తడితే నాలుగు ఆప్షన్లలో రెండు అక్కడే రాలిపోతాయి. "టీమ్ చార్టర్ (టీమ్ కట్టుబాట్ల కాగితం) తిరగరాయండి" అని ఒకటి, "స్పాన్సర్ దగ్గరికి వెళ్లండి" అని ఒకటి పెడతారు. ఎక్కడున్నావో తెలియకపోతే ఆ రెండూ అందంగా కనబడతాయి.

కాలవ_గట్టు
ఎక్కడున్నామో తెలియాలి అనేది ఒప్పుకుంటా. వరస బట్టీ కొట్టడం మాత్రం ఒప్పుకోను.

పాతపుస్తకం
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా పుస్తకంలో ఆరు లేవు, నాలుగే ఉన్నాయి! ప్లాన్ హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, అక్వైర్ ప్రాజెక్ట్ టీమ్, డెవలప్, మేనేజ్. కంట్రోల్ అనేదే లేదు. ఎస్టిమేట్ యాక్టివిటీ రిసోర్సెస్ టైమ్ మేనేజ్‌మెంట్‌లో ఉంది. మీరంతా తప్పా, నేను తప్పా?

ఉగ్గాని_బజ్జి
నీ పేరే జవాబు చెప్తోంది కదప్పా.

బురుజు_కింద
మీది ఐదో ఎడిషన్, 2013ది. అప్పట్లో మొత్తం 47 ప్రాసెస్‌లు, ఈ అధ్యాయం పేరు హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, అంటే మనుషులు మాత్రమే. 2017లో ఆరో ఎడిషన్ వచ్చినప్పుడు "హ్యూమన్" తీసేశారు. యంత్రాలు, సామాన్లు, సిమెంటు, అన్నీ ఇందులోకి వచ్చాయి. అందుకే ఎస్టిమేట్‌ని షెడ్యూల్ దగ్గర్నుంచి ఇక్కడికి మార్చారు, కంట్రోల్ రిసోర్సెస్ కొత్తగా పెట్టారు.

పాతపుస్తకం
ఆ పుస్తకం 300 పెట్టి కొన్నానక్కా, పాత పుస్తకాల అంగట్లో. సగం చదివేశాను.

బురుజు_కింద
చదివింది వృథా ఏమీ పోదు. ఆ నాలుగింటికి ఇంకో రెండు చేర్చుకో, ప్లాన్ తర్వాత ఎస్టిమేట్, ఆఖర్న కంట్రోల్, అంతే.

పెన్నా_ఇసుక
కాస్త పెద్దగా రాస్తాను, తీరిగ్గా చదవండి.

నేనూ శెనక్కాయ లాగే కొట్టుకున్నాను. నాకు ఇది పుస్తకంలో అర్థం కాలేదు, మా చెల్లెలి పెండ్లిలో అర్థమైంది. పెండ్లి గుంతకల్లులో, నేనే పెద్దోడిని, అన్నీ నా నెత్తిన.

రెండు నెలల ముందు మా నాయన, నేను, చిన్నాయన మిద్దె మీద కూర్చున్నాం. ఎవరు ఏం చూసుకోవాలి, వంటోళ్లు ఎవరు, షామియానా ఎవరిది, మాట తేడా వస్తే ఎవరి మాట ఆఖరు. ఇవి నోటుబుక్కులో రాసుకున్నాం. అదే ప్లాన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్. పరీక్ష భాషలో రిసోర్స్ మేనేజ్‌మెంట్ ప్లాన్, టీమ్ చార్టర్ ఇక్కడే పుడతాయి. ర్యాసీ పట్టిక (ఏ పని ఎవరు చేస్తారు, ఎవరు జవాబుదారీ, ఎవర్ని అడగాలి, ఎవరికి చెప్పాలి) కూడా ఇక్కడిదే. మా ఇంట్లో పప్పు గురించి సలహా ఇచ్చేవాళ్లు పన్నెండు మంది, పప్పు మాడితే నిలబడి మాట పడేవాడు ఒక్కడే ఉండాలి. ర్యాసీలో అకౌంటబుల్ (జవాబుదారీ) ఒక్కడే అని ఎందుకంటారో ఆ రోజే తెలిసింది.

తర్వాత వంట మేస్త్రి వచ్చి "ఎంతమంది?" అన్నాడు. 600 అన్నాం. బియ్యం ఇంత, నూనె ఇంత, సిలిండర్లు ఇన్ని, వడ్డించేవాళ్లు ఇంతమంది అని గడగడా చెప్పేశాడు. అది ఎస్టిమేట్. గమనించండి, ఆయన ఒక్క గరిటె కూడా తేలేదు. లెక్క చెప్పాడు, వెళ్లిపోయాడు.

పెండ్లి ముందు రోజు పొద్దున వాళ్లు దిగారు. సామాన్లు దిగాయి. అది అక్వైర్. ఎవరు ఏ రోజు దొరుకుతారో మా చిన్నాయన రాసిపెట్టిన కాగితం ఉంది చూడండి, అదే రిసోర్స్ క్యాలెండర్. వడ్డించేవాళ్లలో ఇద్దరు పెండ్లిరోజు సాయంత్రం మాత్రమే వస్తామన్నారు, అది కూడా అందులోనే రాశాడు.

వడ్డించడానికి మా ఊరి పిల్లోళ్లు పది మంది. ఒకడికి అరిటాకు ఎటు తిప్పి వెయ్యాలో తెలియదు. మేస్త్రి వాళ్లను వరసగా నిలబెట్టి, ముందు ఏది వడ్డించాలి, ఎంత వడ్డించాలి, పెద్దవాళ్ల ముందు గరిటె ఎట్లా పట్టుకోవాలి, అన్నీ చూపించాడు. డెవలప్ టీమ్. మధ్యాహ్నం పాయసం గిన్నె దగ్గర ఇద్దరికి గొడవయింది, నేను వెళ్లి విడదీసి ఒకడిని నీళ్ల వైపు మార్చాను. మేనేజ్ టీమ్.

ఇక మా మేనత్త. స్టోర్‌రూమ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నూనె డబ్బాలు ఎన్ని లోపలికి పోయాయి, ఎన్ని ఖాళీవి బయటికి వచ్చాయి, నాలుగో సిలిండర్ ఎందుకు ఇంత తొందరగా అయిపోయింది. మనుషుల జోలికి పోదు. ఎవరు ఎవరితో కొట్లాడినా తలెత్తదు. డబ్బాల లెక్క ఒక్కటే. అదే కంట్రోల్ రిసోర్సెస్.

మీరంతా తప్పు చేసేది అక్కడే. కంట్రోల్ రిసోర్సెస్‌లో మనుషులు లేరు. వస్తువులు మాత్రమే.

శెనక్కాయ_చెట్టు
మేనత్త దెబ్బకి వెలిగింది అన్నా. నేను ఇన్నాళ్లూ కంట్రోల్ అంటే టీమ్‌ని అదుపులో పెట్టడం అనుకుంటున్నా.

కడప_కారందోశె
మా అవ్వ కూడా కాపలా కాసింది దోసెలకే. మనుషులకు కాదు. గమనించగలరు.

ఉగ్గాని_బజ్జి
600 మందికి పాయసం సరిపోయిందా అన్నా? అది చెప్పలేదు.

పెన్నా_ఇసుక
సరిపోలేదు. ఎస్టిమేట్ తప్పు కాదు, పెండ్లికొడుకు తరఫు వాళ్లు 80 మంది ఎక్కువ వచ్చారు. అది స్కోప్ క్రీప్, వేరే అధ్యాయం.

గాలిమర
ఒక సందేహం. మేనేజ్ టీమ్ అంటే ఎవడు ఎట్లా పనిచేస్తున్నాడో చూడటం, చెప్పడం, దిద్దడం కదా. చూడటం అంటే మానిటరింగ్ కదా? మరి ఎగ్జిక్యూటింగ్‌లో ఎందుకు పెట్టారు? శెనక్కాయ అన్న తప్పే నాదీ.

బురుజు_కింద
తర్కం వెతికితే తల నొప్పి. ఒక అడ్డదారి చెప్తా. పేరులో "మేనేజ్" అని విడిగా ఉంటే అది ఎగ్జిక్యూటింగే. డైరెక్ట్ అండ్ మేనేజ్ ప్రాజెక్ట్ వర్క్, మేనేజ్ ప్రాజెక్ట్ నాలెడ్జ్, మేనేజ్ క్వాలిటీ, మేనేజ్ టీమ్, మేనేజ్ కమ్యూనికేషన్స్, మేనేజ్ స్టేక్‌హోల్డర్ ఎంగేజ్‌మెంట్. ఆరుకి ఆరూ అక్కడే. "కంట్రోల్" లేదా "మానిటర్" ఉంటే మానిటరింగ్ గ్రూపు. "ప్లాన్" తో మొదలైతే ప్లానింగ్, అది చిన్నపిల్లలక్కూడా తెలుసు. "మేనేజ్‌మెంట్" అనే మాటకి మాత్రం మోసపోకు, అది ప్లాన్ స్కోప్ మేనేజ్‌మెంట్ లాంటివాటి తోక.

గాలిమర
ఇది ఆరు నెలల ముందు తెలిసుంటే రెండు నోటుబుక్కులు మిగిలేవి.

కాలవ_గట్టు
ఇప్పుడు నా వంతు, ఒక ప్రశ్న ఇస్తాను. మా కాలవ పనిలో నిజంగా జరిగిందే.

సైట్‌కి రెండు ఎక్స్‌కవేటర్లు కేటాయించారు. సోమవారానికి రెండూ రావాలి. ఒకటే వచ్చింది, రెండోది వేరే పనిలో ఇరుక్కుంది. ప్రాజెక్ట్ మేనేజర్ షెడ్యూల్ చూసి, ఉన్నదానితో ఏ పని ముందు చెయ్యాలో సర్ది, అవతలివాళ్లకి ఫోన్ చేసి ఎప్పుడొస్తుందో తేలుస్తున్నాడు. ఇది ఏ ప్రాసెస్?

పాతపుస్తకం
అక్వైర్. యంత్రం ఇంకా రాలేదు కదా.

శెనక్కాయ_చెట్టు
నేనూ అక్వైర్ అనే అంటా.

పెన్నా_ఇసుక
కంట్రోల్. మా మేనత్త పని అది.

కాలవ_గట్టు
పెన్నా ఇసుక కరెక్ట్. కేటాయింపు అయిపోయింది, అంటే అక్వైర్ అయిపోయింది. అనుకున్నది అనుకున్న రోజుకి అందుబాటులో ఉందా లేదా చూసి, తేడా ఉంటే సరిచెయ్యడం కంట్రోల్. ఎక్స్‌కవేటర్ ఇవ్వండి అని వేరే డిపార్ట్‌మెంట్ హెడ్‌తో బేరమాడే దశ అయితే అక్వైర్, నెగోషియేషన్ దాని పనిముట్టు.

మేం ఆ రెండో ఎక్స్‌కవేటర్ కోసం తొమ్మిది రోజులు చెట్టు కింద కూర్చున్నాం. డ్రైవర్ శెనక్కాయలు వేయించుకుని తింటూ ఉన్నాడు, అదొక్కటే జరిగిన పని.

ఉగ్గాని_బజ్జి
వరస బట్టీ వద్దన్నాయనే మనకి వరస నేర్పిస్తున్నాడు.

కాలవ_గట్టు
ఇది వరస కాదు. ఎక్కడున్నామో తెలుసుకోవడం. అక్కతో ఒప్పందం అయింది కదా.

శెనక్కాయ_చెట్టు
ఇంకొకటి అడుగుతా, తిట్టకండి. రిసోర్స్ లెవెలింగ్, రిసోర్స్ స్మూతింగ్ (రిసోర్స్‌లకి తగ్గట్టు పనుల తేదీలు సర్దే పద్ధతులు) ఈ ఆరింటిలో దేనిలోవి? మాక్‌లో కంట్రోల్ రిసోర్సెస్ అని పెట్టాను, తప్పన్నాడు.

బురుజు_కింద
ఈ ఆరింటిలో వేటిలోనూ కాదు! పేరులో రిసోర్స్ ఉన్నా అవి డెవలప్ షెడ్యూల్‌లో వాడేవి. మంచి ఉచ్చు అది. లెవెలింగ్‌లో ఉన్న మనుషులు, యంత్రాల పరిమితికి తగ్గట్టు తేదీలు జరుపుతాం, క్రిటికల్ పాత్ (ముగింపు తేదీని నిర్ణయించే పనుల వరస) మారవచ్చు. స్మూతింగ్‌లో ఫ్లోట్ (ఆలస్యమైనా ఇబ్బంది లేని వెసులుబాటు) ఉన్నంత మేరకే జరుపుతాం, క్రిటికల్ పాత్ కదలదు, ముగింపు తేదీ మారదు.

గాలిమర
డెవలప్ టీమ్‌లో టక్‌మన్ అనే ఆయన చెప్పిన టీమ్ ఎదిగే మెట్లు ఎట్లా గుర్తు పెట్టుకున్నారు?

బురుజు_కింద
ఫార్మింగ్, స్టార్మింగ్, నార్మింగ్, పెర్ఫార్మింగ్. 1965లో ఈ నాలుగే చెప్పాడు, అడ్జర్నింగ్ 1977లో చేర్చారు. అన్నీ "మింగ్"తో ముగుస్తాయి, ఆఖరిది తప్ప. అది తర్వాత వచ్చిన కోడలు.

ఉగ్గాని_బజ్జి
మా ఆఫీసు పదేళ్లుగా స్టార్మింగ్‌లోనే ఉంది. ఎవరన్నా వచ్చి నార్మింగ్ చేస్తే ఉగ్గాని ఇప్పిస్తా.

కడప_కారందోశె
శెనక్కాయా, ఆన్‌లైన్‌లో రాస్తున్నావా, సెంటర్‌లోనా?

శెనక్కాయ_చెట్టు
ఆన్‌లైన్ అనుకుంటున్నా. బెంగళూరు దాకా ఎవరు పోతారు.

కడప_కారందోశె
నేను ఇంట్లోనే రాశాను. ఇరుక్కున్నాను కూడా. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, మాటలు వినబడకూడదు. ఇంట్లో అందరికీ చెప్పాను, మా అవ్వకి తప్ప. ఆమెకి చెవుడు, చెప్పినా ఒకటే అనుకున్నా. సరిగ్గా 90వ ప్రశ్న దగ్గర తలుపు కొట్టి "మజ్జిగ తాగుదువు రాయే" అని వీధికి వినబడేట్టు అరిచింది. నిఘా పెట్టిన మనిషి వెంటనే చాట్‌లో హెచ్చరిక పంపాడు. చేతులు వణికాయి. ఆ తర్వాత పది ప్రశ్నలు ఏం పెట్టానో నాకే తెలియదు. తెల్ల కాగితం కూడా ఉండదు, స్క్రీన్ మీద బోర్డే గతి. మౌస్‌తో పట్టిక గీసుకుందాం అనుకుంటే కోడి కెలికినట్టు ఉంటుంది. కాబట్టి ఆ ఆరు బుర్రలోనే ఉండాలి.

ఉగ్గాని_బజ్జి
దోసెలు మోసిన అవ్వ, మజ్జిగ అవ్వ ఒక్కటేనా?

కడప_కారందోశె
ఒక్కటే. ఆమె మీద పగతోనే ఆ వాక్యం కట్టాను. అప్పుడు పాసయ్యాను లేండి.

పాతపుస్తకం
పాస్ మార్కు ఎంత? ఎవరో 61 శాతం అంటున్నారు.

బురుజు_కింద
పీఎంఐ వాళ్లు శాతం చెప్పరు. ఒక్కో డొమైన్‌కి అబవ్ టార్గెట్, టార్గెట్, బిలో టార్గెట్, నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అని ఇస్తారు. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా ఖాళీ వదలకండి. మధ్యలో పది నిమిషాల విరామాలు రెండు ఉంటాయి, 60 తర్వాత ఒకటి, 120 తర్వాత ఒకటి. విరామం తీసుకుంటే వెనకటి ప్రశ్నలకి మళ్లీ పోలేవు, అది గుర్తుంచుకో.

శెనక్కాయ_చెట్టు
మాక్ మళ్లీ రాశా. రిసోర్స్ ప్రశ్నలు 12 వచ్చాయి, 10 రైట్. ఒక తప్పు అజాగ్రత్త, ఇంకొకటి టీమ్ పెర్ఫార్మెన్స్ అసెస్‌మెంట్ మేనేజ్ టీమ్‌లో పుడుతుంది అనుకున్నా.

పెన్నా_ఇసుక
అది డెవలప్‌లో పుట్టి మేనేజ్‌కి పోతుంది. మేస్త్రి పిల్లోళ్లకి నేర్పించాక "వీడు పర్వాలేదు, వాడు గిన్నె ఒలకబోస్తాడు" అని నాతో చెప్పాడు. అది పట్టుకునే కదా నేను ఒకడిని నీళ్ల వైపు మార్చింది.

శెనక్కాయ_చెట్టు
(24 రోజుల తర్వాత)
పాసయ్యాను. పీపుల్ అబవ్ టార్గెట్, ప్రాసెస్ టార్గెట్. చివరికి బెంగళూరు పోయే రాశా, మజ్జిగ కథ విన్నాక ఇంట్లో ధైర్యం చాలలేదు. కాలవ గట్టు అన్న చెప్పినట్టు ప్రాసెస్‌ల వరస నేరుగా ఒక్కటీ అడగలేదు. కానీ క్రేన్ రాలేదని ఒక ప్రశ్న వచ్చింది, మేనత్త కుర్చీ కళ్ల ముందు కనబడింది. పక్క సీటు ఆయన నా నవ్వు చూసి భయపడ్డాడు.

కాలవ_గట్టు
శభాష్. ఇక సర్టిఫికెట్ నిలబెట్టుకోడానికి మూడేళ్లకి 60 పీడీయూలు (నేర్చుకున్న గంటల లెక్క) కూడబెట్టాలి, ఆ గోల ఇప్పుడు మొదలు.

కడప_కారందోశె
అవ్వకి చెప్పాను. "ఎవురు వాడు" అంది.

ఉగ్గాని_బజ్జి
పార్టీ ఎప్పుడు?

శెనక్కాయ_చెట్టు
పార్టీ ఉండు అన్నా. ఆనందంలో బీరువా మీద చార్ట్ పీకితే దాంతోపాటు పెయింట్ అరచేతంత ఊడొచ్చింది. మామ ఆదివారం వస్తున్నాడు. ఆలోపల పెయింట్ మేస్త్రిని, డబ్బాని అక్వైర్ చెయ్యాలి.

గాలిమర
ప్లానింగే కదా?

శెనక్కాయ_చెట్టు
ఎగ్జిక్యూటింగ్!